సోమవారం రాత్రి రింగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో ప్రతి సోమవారం రాత్రి వచ్చే కుస్తీ ప్రదర్శనల కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ వారి ‘రా’ కార్యక్రమం గురించి గత సంచికలో రాస్తూ, ఇందులో కుస్తీకి లోటు లేదని, లోటంతా పోయిన వారం జరిగినదాన్ని ఈ వారం గుర్తుపెట్టుకోవడంలోనే ఉందని అన్నాము. దాని మీద వచ్చిన ఉత్తరాలలో కొన్ని మాతో గొడవపడ్డాయి, కొన్ని మాకంటే ఘాటుగా ఉన్నాయి. వాటిలో ఎంపిక చేసిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: గెలుపోటములు ముందే నిర్ణయమైపోయిన ఆటను మీరు ఇంత గంభీరంగా విశ్లేషిస్తుంటే నవ్వొస్తోంది. ఉత్తుత్తి కుస్తీలో మంచిచెడ్డలు ఏముంటాయి?

జవాబు: నవ్వుకోండి, మాకు అభ్యంతరం లేదు. అయితే మీరు బయటపెట్టిన రహస్యం ఎప్పుడో బట్టబయలైంది. తమది పోటీ క్రీడ కాదని, వినోద ప్రదర్శన అని 1989లోనే ఈ కంపెనీ న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు స్వయంగా చెప్పుకుంది. క్రీడా కమిషన్ అజమాయిషీ నుంచి తప్పించుకోవడానికి ఆ ఒప్పుకోలు దానికి అక్కరకొచ్చింది. నాటకం చూడటానికి వెళ్లినవారు, ఆఖరి అంకంలో ఏం జరుగుతుందో నటులకు ముందే తెలుసని ఫిర్యాదు చేయరు. ఎవరు గెలవాలన్నది రాసిపెట్టి ఉన్నా, ఆ గెలుపు నమ్మేటట్టు ఉందా, దానికి తగిన కారణం ఉందా, ఓడినవాడు ఓటమిని ఎలా మోశాడు అన్నవి మాత్రం రింగులోనే తేలాలి.

ఇక ఉత్తుత్తి అన్న మాట గురించి. ఇరవై అడుగుల చదరంగా ఉండే ఆ రింగులో ఉక్కు దూలాల మీద చెక్క పలకలు, వాటి మీద పలచటి ఫోమ్, ఆపైన బిగించిన కాన్వాసు తప్ప ఇంకేమీ ఉండవు. కింద పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి, వీపంతా ఒక్కసారిగా నేలకు తగిలేటట్టు పడి, చేతులతో కాన్వాసును చరచడం కుస్తీ బడిలో నేర్పే మొదటి పాఠం. దెబ్బ ఒకే చోట పడకుండా పరుచుకోవడానికి అది సాయపడుతుందే తప్ప, దెబ్బను లేకుండా చేయలేదు. 2001 మే 21 నాటి రా చివరి పోటీ దొరికితే ఒకసారి చూడండి. స్టీవ్ ఆస్టిన్‌తో జట్టుకట్టి ట్యాగ్ టీమ్ (ఇద్దరేసి మల్లుల జట్లు తలపడే) టైటిల్‌ను కాపాడుకుంటున్న ట్రిపుల్ హెచ్, తన సహచరుణ్ణి విడిపించడానికి రింగులోకి ఉరికి ఎడమ కాలు మోపగానే తొడ కండరం తెగిపోయింది. అతడు కుంటుతూనే లేచాడు. కామెంటేటర్ల బల్ల మీద క్రిస్ జెరికో అతడి రెండు కాళ్లనూ మెలిపెట్టి వెనక్కి వంచవలసిన ఘట్టం ముందే అనుకుని ఉంది. దాన్ని మార్చమని అడగకుండా, తెగిన కండరంతోనే ఆ పట్టులో పడుకున్నాడు. ఆ తరువాత ఆపరేషన్ చేయించుకుని మళ్లీ రింగులోకి రావడానికి 2002 జనవరి దాకా పట్టింది. ఆ రాత్రి టైటిల్ చేతులు మారుతుందని ముందే రాసిపెట్టి ఉన్న మాట నిజమే, ఆ కాలు సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

ప్రశ్న: రా నిడివి ఎక్కువైందని మీరు ప్రతిసారీ అంటారు. నాకైతే ఎంతసేపు ఉంటే అంత ఆనందం. మీ బాధేమిటి?

జవాబు: 1993 జనవరి 11న న్యూయార్క్‌లోని మన్‌హాటన్ సెంటర్‌లో మొదలైనప్పుడు రా ఒక్క గంట కార్యక్రమం. 1997లో రెండు గంటలైంది. 2012 జూలైలో, వెయ్యో భాగం నుంచి, శాశ్వతంగా మూడు గంటలైంది. ఈ పెరుగుదలలో కథ అడిగి తీసుకున్న గంట ఒక్కటీ లేదు. చానల్‌కు ప్రకటనలు అమ్ముకోవడానికి మరో గంట కావలసివచ్చింది, కంపెనీకి దాని మీద డబ్బు వచ్చింది, అంతే. కథ అక్కరలేకుండా వచ్చిన గంటను నింపాలంటే చేతిలో ఉన్నదాన్నే సాగదీయాలి. అందుకే ఒకే ఇద్దరు మల్లులు మూడు వారాలు వరుసగా తలపడతారు, ఒక వారం ఇతడు, మరో వారం అతడు గెలుస్తారు, నాలుగో వారానికి ఇద్దరిలో ఎవరి మీదా ఆసక్తి మిగలదు. ఇద్దరి పరువూ కాపాడామని రచయితలు అనుకుంటారు గానీ, ఇద్దరూ సమానంగా పలచబడతారు.

2025 జనవరి 6న రా నెట్‌ఫ్లిక్స్‌కు మారిన తరువాత, కేబుల్ చానల్ గడియారం పీడ వదలడంతో, నిడివి వారానికో తీరుగా ఉంటోంది. ఇది మంచి మార్పు. కథ ముగిసిన చోట కార్యక్రమం ముగిసే వెసులుబాటు చేతిలో ఉన్నప్పుడు దాన్ని నిజంగా వాడుకుంటారా లేదా అన్నదే ఇప్పుడు చూడవలసింది. మీ ఆనందాన్ని మేము కాదనము; రెండో గంట నడుమ మీ చేయి ఫోను మీదికి ఎన్నిసార్లు పోతుందో మాత్రం ఈసారి గమనించండి.

ప్రశ్న: కథకు జ్ఞాపకం ఉండాలని అన్నారు. ఉదాహరణ చూపించకుండా అంత పెద్ద మాట అనడం తేలిక.

జవాబు: న్యాయమైన నిలదీతే. మంచికి ఒకటి, చెడుకు ఒకటి చూపిస్తాము.

2023 జనవరి 23న, ఫిలడెల్ఫియాలో జరిగిన రా ముప్పై ఏళ్ల వేడుకలో రోమన్ రెయిన్స్ తన బంధువులతో కట్టిన బృందం తనలో తానే ఒక విచారణ పెట్టుకుంది. ముద్దాయి సామీ జెయిన్. రక్తసంబంధం లేకపోయినా నెలల తరబడి ఆ కుటుంబాన్ని అంటిపెట్టుకుని తిరిగినవాడు. రెయిన్స్ సలహాదారు పాల్ హేమన్ ప్రాసిక్యూటర్‌లా లేచి, అతడు ద్రోహి అని నిరూపించడానికి వీడియోలు వేశాడు. అప్పుడు సామీ తరఫున నిలబడినది రెయిన్స్ బంధువు జే ఊసో. మొదటి నుంచీ సామీని అందరికంటే ఎక్కువ అసహ్యించుకున్నవాడూ, రెండు నెలల కిందట సామీ తన పాత స్నేహితుడు కెవిన్ ఓవెన్స్‌ను దెబ్బతీసి విధేయత చాటుకున్నాక గానీ అతణ్ణి కౌగిలించుకోనివాడూ ఆ జే ఊసోనే. అతడు చూపిన సాక్ష్యం ఏమిటంటే, పాత వారాలలో తమ మీద పడవలసిన దెబ్బలకు సామీ అడ్డుపడిన దృశ్యాలు. ఆ వారాలన్నీ చూసినవారికి అవి అప్పుడు ఏదో పోటీ మధ్యలో దొర్లిపోయిన చిన్న సంగతులు. అవన్నీ లెక్కలో ఉన్నాయని ఆ రాత్రి తెలిసింది. మరో ఐదు రోజులకు, ముప్పైమంది ఒకరి తరువాత ఒకరుగా రింగులోకి దిగే పోటీ ఉండే ఏటేటా వేడుక రాయల్ రంబుల్ ముగిశాక, ఓవెన్స్‌ను కొట్టమని రెయిన్స్ చేతికిచ్చిన కుర్చీతో సామీ రెయిన్స్ వీపు మీదే కొట్టాడు. జే మాత్రం ఎవరి పక్షమూ చేరకుండా రింగు దిగి వెళ్లిపోయాడు. ఆ ఒక్క కుర్చీ దెబ్బకు వచ్చిన కేక, ఏళ్ల తరబడి టైటిల్ మార్పులకు కూడా వచ్చి ఉండదని మా అభిప్రాయం.

ఇక చెడుకు ఉదాహరణ. 2010 వేసవి నుంచి ఏడాదికి పైగా రా జనరల్ మేనేజర్ ఎవరో తెలియని ఒక అజ్ఞాత వ్యక్తి. రింగు పక్కన ఒక బల్ల, దాని మీద లాప్‌టాప్. ఈమెయిల్ వచ్చిన చప్పుడు కాగానే కామెంటేటర్ మైకేల్ కోల్ లేచి వెళ్లి, గంభీరంగా గొంతు సవరించుకుని దాన్ని చదివేవాడు. అప్పటికే మొదలైన పోటీని అర్ధాంతరంగా ఆపి నియమాలు మార్చేవాడు. అది ఎవరై ఉంటారని అభిమానులు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆ లాప్‌టాప్‌ను చడీచప్పుడు లేకుండా పక్కన పెట్టేసి, మరో ఏడాది గడిచాక, 2012 జూలైలో, అది రింగు కింద దాక్కుని అల్లరి చేసే హార్న్‌స్వాగుల్ అని తేల్చారు. అంతకాలం వేసిన ముడి అలా విప్పాక, మరో ముడి వేసినప్పుడు ప్రేక్షకుడు ఎందుకు నమ్ముతాడు?

ప్రశ్న: నైట్రోతో పోటీ ఉన్న రోజులే స్వర్ణయుగమని మా అన్నయ్య వాదిస్తాడు. అప్పటి రా నిజంగా అంత గొప్పదా?

జవాబు: మీ అన్నయ్యగారి మాటలో సగం నిజముంది. ప్రత్యర్థి కుస్తీ సంస్థ డబ్ల్యూసీడబ్ల్యూ 1995 సెప్టెంబరు 4న ‘మండే నైట్రో’ను అదే రోజు, అదే వేళకు ప్రారంభించడంతో రెండు కార్యక్రమాల మధ్య రిమోట్ యుద్ధం మొదలైంది. హల్క్ హోగన్ 1996 జూలైలో విలన్‌గా మారిన ఊపుతో నైట్రో వరుసగా 83 వారాలు రేటింగ్‌లలో గెలిచింది. పక్క చానల్‌లో ప్రత్యర్థి ఉన్నాడన్న భయం రెండింటినీ ప్రతి పావుగంటకూ ఏదో ఒకటి చేసి తీరాలని తరిమింది. ఆ వేడి ఇప్పుడు లేదు.

అయితే ఆనాటి భాగాలను ఈనాడు మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూస్తే, రెండు మూడు నిమిషాలలో ముగిసే పోటీలు, మధ్యలో ఎవరో దూసుకొచ్చి పాడుచేసే ముగింపులు లెక్కలేనన్ని కనిపిస్తాయి. మీ అన్నయ్యగారికి గుర్తున్నది ఆస్టిన్, రాక్, రా యజమాని మెక్‌మహన్‌ల ఘట్టాలు. వాటి మధ్య ఉన్నదంతా మరుపు మింగేసింది.

ఆ యుద్ధంలో మేము తరచుగా తలచుకునే రాత్రి 1999 జనవరి 4. ఆ రోజు రా ప్రత్యక్ష ప్రసారం కాదు, అంతకు ముందు వారమే మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో రికార్డు చేసి ఉంచారు. నైట్రో మాత్రం అట్లాంటాలోని జార్జియా డోమ్ నుంచి ప్రత్యక్షంగా వస్తోంది. పక్క చానల్‌లో మిక్ ఫోలీ టైటిల్ గెలవబోతున్నాడని నైట్రో కామెంటేటర్ టోనీ షియావోనీ, తన పైవాడు ఎరిక్ బిషాఫ్ చెప్పమన్న ప్రకారం, ప్రేక్షకుల ముందు వెటకారంగా ప్రకటించాడు. ఫలితం తెలిస్తే ఆసక్తి చచ్చిపోతుందని వారి లెక్క. తీరా చూస్తే జనం గుంపులు గుంపులుగా రా వైపు మళ్లారు. మీదినుంచి కింద పడి, పళ్లు రాలగొట్టుకుని, ఏనాడూ మొదటి వరుస తారగా ఎవరూ లెక్కచేయని మనిషి గెలుస్తాడని తెలిస్తే, అది కళ్లారా చూడాలనిపిస్తుంది కదా! అదే రాత్రి నైట్రో ముగింపులో హోగన్ తన వేలితో కెవిన్ నాష్ ఛాతీని ఇలా తాకగానే నాష్ వెల్లకిలా పడిపోయి ప్రపంచ టైటిల్‌ను అప్పగించాడు. టికెట్టు కొనుక్కుని వచ్చినవారి ముఖం మీద కొట్టినట్టే. నైట్రో ఆ తరువాత కోలుకోలేదు, 2001 మార్చి 26న చివరి భాగం ప్రసారమయ్యేనాటికి డబ్ల్యూసీడబ్ల్యూను విన్స్ మెక్‌మహన్ కొనేశాడు. మొదటి ప్రశ్న వేసిన పాఠకులకు కూడా ఈ రాత్రే జవాబు: ఎవరు గెలుస్తారో తెలిసి కూడా జనం చానల్ మార్చుకుని మరీ చూశారు.

ప్రశ్న: మొదటి ఇరవై నిమిషాలూ మైకు పట్టుకుని మాట్లాడుకోవడమేనా? కుస్తీ కార్యక్రమంలో కుస్తీ చూపించరా?

జవాబు: మాట మీద మాకు కోపం లేదు, ఊకదంపుడు మీదే కోపం. 2011 జూన్ 27న సీఎం పంక్ ఏం చేశాడో చూడండి. రింగులో జాన్ సీనా పడి ఉన్నాడు. పంక్ రింగులోకి వెళ్లకుండా, వేదిక మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కంపెనీ యజమాని కుటుంబాన్ని, తనను పైకి రానివ్వని పద్ధతిని, చివరకు తన కోసం చప్పట్లు కొట్టే ప్రేక్షకులను కూడా పేరుపేరునా కడిగాడు. మధ్యలో కెమెరా వైపు చేయి ఊపాడు. మాట ముగియకముందే మైకు ఆగిపోయింది. అందులో ఎంత రాసిచ్చినది, ఎంత కడుపులోంచి వచ్చినది అని జనం ఈనాటికీ వాదించుకుంటారు. అతడి ఒప్పందం మూడు వారాలలో ముగియబోతోంది, ఆ రోజే షికాగోలో సీనాతో టైటిల్ పోటీ ఉంది. కనుక ప్రతి మాటకూ ఒక తేదీ, ఒక చోటు ఉన్నాయి. ఇప్పటి సంభాషణలలో ఆ గడువు ఉండదు. ఇద్దరు వచ్చి, ఒకరినొకరు చిత్తు చేస్తామని బెదిరించుకుని, పాట మోగగానే మూడో మనిషి వచ్చి, రాత్రికి ట్యాగ్ పోటీ ఖరారు చేసి పోతారు. ఆరు నిమిషాలలో తేలిపోయే వ్యవహారం అది.

ప్రశ్న: ప్రేక్షకులు అరిచినంత మాత్రాన కథ మారుతుందా, లేక అది కూడా నటనేనా?

జవాబు: ఎప్పుడో గానీ మారదు, మారినప్పుడు మాత్రం చరిత్రలో నిలిచిపోతుంది. డేనియల్ బ్రయన్ కంపెనీ ఏటేటా జరిపే అతిపెద్ద వేడుక రెజిల్‌మేనియాలో, 2012లో, కేవలం 18 సెకన్లలో టైటిల్ పోగొట్టుకున్నాడు. కంపెనీ దృష్టిలో అది ఒక చమత్కారం. మరునాడు రాత్రి రాకు వచ్చిన జనం ఆ చమత్కారాన్ని ఒప్పుకోలేదు. బ్రయన్ లేని పోటీలలో కూడా చూపుడు వేళ్లు ఆకాశానికెత్తి ‘యెస్, యెస్’ అని అరుస్తూ కూర్చున్నారు. 2014 జనవరి రాయల్ రంబుల్‌లో ముప్పయ్యో మనిషిగా బ్రయన్ వస్తాడని పిట్స్‌బర్గ్ జనం ఎదురుచూస్తే, రే మిస్టీరియో వచ్చాడు. ఎవరికీ చెడు చేయని, పిల్లలందరూ ఇష్టపడే మిస్టీరియోను ఆ రాత్రి జనమంతా ఛీకొట్టారు. గెలిచిన బటిస్టాకూ అదే సన్మానం జరిగింది.

అక్కడి నుంచి కంపెనీ రెజిల్‌మేనియా ప్రణాళికను మార్చుకోక తప్పలేదు. మార్చి 10న మెంఫిస్‌లో జరిగిన రాలో బ్రయన్ చొక్కాలు వేసుకున్న జనంతో రింగు, దాని చుట్టూ ఉన్న స్థలం నిండిపోయాయి. అప్పటికి కథలో కంపెనీ అధికారిగా ఉన్న ట్రిపుల్ హెచ్ బ్రయన్‌తో పోటీకి ఒప్పుకునే దాకా కదలమని వారు కూర్చున్నారు. ఆ ఘట్టం రాసిపెట్టినదే, సందేహం లేదు. కానీ దాన్ని రాయక తప్పని పరిస్థితిని తెచ్చింది రెండేళ్ల పాటు నిజంగా అరిచిన గొంతులు. ఏప్రిల్ 6న న్యూ ఓర్లీన్స్‌లో బ్రయన్ ఒకే రాత్రి ట్రిపుల్ హెచ్‌ను, ఆపైన రాండీ ఆర్టన్, బటిస్టాలను ఓడించాడు. ఆ 18 సెకన్లు లేకపోతే ఈ విజయానికి ఇంత బరువు ఉండేదని మేము అనుకోము.

ప్రశ్న: మహిళల పోటీలకు ఇప్పుడు అవసరానికి మించిన ప్రాధాన్యం ఇస్తున్నారని అనిపించడం లేదా?

జవాబు: అనిపించడం లేదు. 2015 ఫిబ్రవరి 23 నాటి రాలో నలుగురు మహిళల ట్యాగ్ పోటీని సుమారు అర నిమిషంలో ముగించారు, మూడు గంటల కార్యక్రమంలో! ఆ రాత్రే సామాజిక మాధ్యమాలలో రేగిన నిరసన మొదటి కదలిక తెచ్చింది. బెకీ లించ్ సంగతి చూడండి. 2018 నవంబరు 12న రాలో జరిగిన గుంపు కొట్లాటలో నయా జాక్స్ పిడిగుద్దు నిజంగానే తగిలి ఆమె ముక్కు విరిగింది. ముఖమంతా నెత్తురుతో, ప్రేక్షకుల మధ్య మెట్ల మీద నిలబడి, చేతులు చాచి ఆమె రింగు వైపు చూసి నవ్వింది. వారం తిరగకుండానే రాండా రౌసీతో జరగవలసిన పోటీ ఆ గాయం వల్ల ఆమె చేయి జారిపోయింది. అది జారిపోవడమే మేలైంది. ఆ పోటీ కోసం జనం 2019 ఏప్రిల్ 7 దాకా, అంటే రెజిల్‌మేనియా చివరి పోటీగా మహిళలు తొలిసారి నిలిచిన రాత్రి దాకా, ఆకలితో ఎదురుచూశారు. ప్రాధాన్యం ఎక్కువైందో తక్కువైందో నిమిషాలతో కొలవకండి, ఎదురుచూపుతో కొలవండి.

ప్రశ్న: కరోనా కాలంలో జనం లేకుండా జరిగిన భాగాలను మళ్లీ చూడవచ్చా?

జవాబు: ఒక్కటి చూస్తే చాలు. 2020 మార్చి 16న ఓర్లాండోలోని శిక్షణ కేంద్రంలో, ఖాళీ కుర్చీల ముందు నిలబడి స్టీవ్ ఆస్టిన్ తన మామూలు పద్ధతిలో ‘హెల్ యా’ అనమని అడిగాడు. జవాబివ్వడానికి ఎదురుగా ఎవరూ లేరు. జనం కూడా ఈ ప్రదర్శనలో ఒక పాత్రధారి అని మేము పేజీలకు పేజీలు రాసినదాన్ని ఆ నిశ్శబ్దం అర నిమిషంలో చెప్పేసింది. మిగతా భాగాలు వృత్తి నిబద్ధతకు మెచ్చుకోదగినవే, చూడటానికి మాత్రం కష్టం.

ప్రశ్న: రిఫరీ ఎప్పుడూ తప్పు జరిగే క్షణంలోనే పక్కకు ఎందుకు చూస్తాడు? అతడి పని అసలేమిటి?

జవాబు: పక్కకు చూడటం కూడా అతడి పనిలో భాగమే. అతడు చూడనిది జరగనట్టే అన్న ఒక్క నియమం మీదే విలన్ బతుకు నడుస్తుంది. ఇంకా చాలా పనులున్నాయి. చెవిలోని చిన్న పరికరం ద్వారా తెర వెనుక నుంచి వచ్చే సూచనలను మల్లుల చెవిన వేస్తాడు, ఎంత సమయం మిగిలిందో గుసగుసగా చెబుతాడు, కింద పడినవాడి చేయి పట్టుకుని నిజంగా బాగానే ఉన్నాడా అని కనుక్కుంటాడు. ఎవరికైనా నిజంగా గాయమైతే తల మీద రెండు చేతులనూ అడ్డంగా పెట్టి గుణకారపు గుర్తు చూపుతాడు. తెర వెనుక వైద్యులకు అది సంకేతం. కథలో కూడా అప్పుడప్పుడు ఆ గుర్తును దొంగతనంగా వాడుకుంటారు, అది మాకు నచ్చదు. రిఫరీని మోసం చేసే ముగింపు రాత్రికి ఒక్కటి చాలునన్నది మా అభిమతం. ఒకే రాత్రి మూడు పోటీలలో ముగ్గురు రిఫరీలు కళ్లుగప్పబడితే, విలన్ తెలివైనవాడని ఎవరూ అనుకోరు, రిఫరీలను ఎంపిక చేసినవారిని అనుమానిస్తారు.